గడ్డపార అంజినప్ప

ధర్మవరం,
నవంబరు 6.

చిరంజీవి నిఖితకు మీ అవ్వ మనసారా దీవించి రాయునది.

ముందు నీ ఒంట్లో ఎలా ఉందో రాయి. పోయిన నెల పట్టుకున్న దగ్గు పూర్తిగా పోయిందా, పడుకుంటే ఇంకా వస్తోందా? నీ పక్క మంచం పిల్లకు పన్ను పీకించారా? మీ వార్డెనమ్మ నడుము నొప్పి ఎలా ఉంది? ఆమె కోపమంతా ఆ నొప్పి వల్లే అని నువ్వు రాసినప్పటి నుంచి నాకు ఆమె మీద జాలిగా ఉంది. మీకు వండిపెట్టే ముసలాయన చెయ్యి కాలిందన్నావు, మానిందా? వాళ్లంతా బాగుంటేనే నువ్వు బాగుంటావు, అందుకే అడుగుతున్నాను.

ఇక్కడ అందరం తిరుగుతున్నాం, తింటున్నాం. మీ నాయన మగ్గం మీద వంకాయ రంగు చీర సగానికి వచ్చింది. మీ అమ్మకు మోకాలు పొద్దున లేచేటప్పుడే నొప్పి, ఆ తర్వాత సర్దుకుంటుంది. నా బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నానా అని అడిగావు. వేసుకుంటున్నాను. రెండు రోజులు మరిచిపోయాను, ఆ సంగతి మీ అమ్మతో అనవద్దు.

ఈ ఉత్తరం అంటించి, ఆదివారం నిన్ను చూడటానికి వచ్చే మీ నాయన చేతికి ఇస్తాను. మీ హాస్టల్లో ఫోను ఇచ్చేదే వారానికి అయిదు నిమిషాలు, ఆ అయిదూ మీ అమ్మకే చాలవు. పైగా ఇది ఫోనులో అందరూ వింటుండగా చెప్పేది కాదు. మూడు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. నాది మూడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

పోయిన ఉత్తరంలో మీ ఆదివారం కథల ఆట గురించి నాలుగు ప్రశ్నలు అడిగావు. బాలు ఫోను పక్కన పెడుతున్నాడా, ఓబిలేష్ ఇంకా అందరినీ విసిగిస్తున్నాడా, ఆటలో నీ మనిషి మూలికల మారెమ్మ ప్రాణాలతో ఉందా, ఆమె దగ్గర మందులు ఎన్ని మిగిలాయి అని. మొదటిదానికి జవాబు సులువు. బాలు ఫోను పెట్టడు. తన వంతు వచ్చినప్పుడు తలెత్తి, "ఇప్పుడు యాడున్నాము మనము?" అంటాడు. మీ అన్న సుమంత్ కథలోని గుహ గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. పక్కన ఆడే కల్పన ఊరుకుంటుందా? "నీకు కథ చెప్పేదానికి కూలి ఇయ్యాల సుమంత్‌కి" అంటుంది. మారెమ్మ క్షేమం. మిగతా రెండు ప్రశ్నలకు కొంచెం ఆగు. అవి రెండూ ఒక్కచోటికే పోతాయి.

నువ్వు డాక్టరు పరీక్షకు చదవడానికి జూన్‌లో పోతూ మారెమ్మ వివరాలు రాసిన నీ కాగితమూ, మూడు చింతగింజలూ నా చేతిలో పెట్టావు. ఒక్కో గింజ ఒక్కో మందు, దసరాకు నేను వచ్చేదాకా నా మారెమ్మను చూసుకో అవ్వా అన్నావు. అప్పటికి నాకు ఆ ఆట అర్థం కాలేదు. పలక లేదు, గళ్లు లేవు. మీ అన్న కథ చెబుతాడు, మిగతావాళ్లు అందులో ఒక్కో మనిషై నేను ఇది చేస్తాను, నేను అది చేస్తాను అంటారు, జరిగిందా లేదా అన్నది ఆ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నీళ్లు ఎండిపోయిన రాజ్యం, రాతితేలు మింగిన ఊట, దాన్ని వెతుకుతూ పోయే నలుగురు. నాలుగు ఆదివారాలు కూర్చున్నాక ఆ నలుగురి గురించి నాకు దిగులు పట్టుకుంది. వారమంతా గుర్తొచ్చేవాళ్లు.

అందువల్ల నేనేమీ తక్కువ విసిగించలేదు. గుహలోకి పోదామంటే వద్దనేదాన్ని. పోతే పాములుంటాయేమో అడగమనేదాన్ని. కల్పన బాణం వేస్తానంటే, ఇప్పుడు కాదు, ఆ పక్కకు జరిగి వెయ్యమ్మా అని ఆమె వంతు కూడా నేనే ఆడేదాన్ని. ఒకసారి బాలు, "అవ్వా, రాక్షసునికి మజ్జిగిచ్చి పంపిద్దామంటావా ఏమి?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇచ్చి చూస్తే తప్పేమిటని మనసులో అనుకున్నాను కూడా.

కానీ అందరికీ ఓపిక పోయింది ఓబిలేష్‌తోనే. మీ అన్న లెక్కలు రాసే చీరల కొట్లోనే మడతలు వేసే పని వాడిది. వచ్చి ఏడాదిన్నర అయింది, అద్దె గదిలో ఒక్కడే ఉండేవాడు. కణేకల్ పక్కన, కాలువ నీళ్లు అందని ఊరని తప్ప వాడి గురించి మనకెవరికీ ఏమీ తెలియదు. మిగతావాళ్లు తమ మనుషులకు రుద్రసింహుడు, మెరుపుతీగ అని పెట్టుకుంటే వీడు అంజినప్ప అని పెట్టాడు. యాభై ఏళ్లు, భుజాన తువ్వాలు, చేతిలో గడ్డపార. ఆ పేరుకు మీరంతా ఎంత నవ్వారో నీకు తెలుసు.

నువ్వు పోయాక వాడి పద్ధతి ఇంకా ముదిరింది. ఎక్కడికి పోయినా అంజినప్పే ముందు నడవాలి. ఎవరి వంతైనా వాడే మాట్లాడాలి. పాచిక తక్కువ పడితే, "ఇది సరిగ్గా పల్లేదు, సాప మడత మీద పడింది, మళ్లా ఏస్తా" అని పేచీ. అన్నిటికంటే ఆ తవ్వడం. శత్రువు ఎదురుగా ఉన్నా సరే, అంజినప్ప ఆగి నేల తట్టి చూసి, ఇక్కడ నీళ్లు ఉంటాయి, తవ్వుతా అంటాడు.

"ఏమప్పా, కత్తి తీయమంటే బోరేస్తానంటావు. ఇది యుద్ధమా, వ్యవసాయమా?" అనేవాడు బాలు.

"తవ్వితే పడతాది. నువ్వు గమ్మునుండు."

"ఎన్నిసార్లు తవ్వుతావు? పదకొండుసార్లు తవ్వినావు, ఒగసారన్నా పడిందా?"

"పడతాదంటి కదా."

ఒకసారి మీ అన్న కథలో ఊరి పెద్ద అంజినప్పను "రేయ్, ఎవుర్రా నువ్వు" అన్నాడు. ఓబిలేష్ పాచిక కింద పెట్టి, "ఆయప్పను రేయ్ అనకూడదు. ఏమయ్యా అనమను" అని పావుగంట పట్టుబట్టాడు. చివరకు సుమంతే ఓడిపోయి, ఊరి పెద్ద చేత ఏమయ్యా అనిపించాడు. ఒక్క మాటకు ఇంత రచ్చ ఏమిటని నాకూ కోపం వచ్చింది.

దసరాకు ముందు ఆదివారం మధ్యాహ్నం అందరూ రాతితేలు గుహలోకి పోయారు. నేను వద్దంటూనే ఉన్నాను. అంజినప్ప ఎప్పటిలాగే ముందు నడిచాడు. తేలు కుట్టింది. ఓబిలేష్ పాచిక వేస్తే మూడు పడింది. ఈసారి వాడు పేచీ పెట్టలేదు. నా వైపు తిరిగాడు.

"మందుండాదా అవ్వా?"

నేను రెండు అరచేతులూ తెరిచి చూపించాను. "లేదు నాయనా, అయిపోయింది" అన్నాను.

"బాగ చూడవ్వా. మారెమ్మ సంచిలో ఉంటాదేమో."

"లేదు నాయనా."

వాడు మూడోసారి కూడా అడిగాడు. అప్పుడు నా మొహం చూడలేదు, నేల చూస్తూ అడిగాడు. మీ అన్న, అంజినప్ప కన్ను మూశాడని చెప్పాడు. ఓబిలేష్ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వంటింటి గడప దాకా వచ్చి, "పోయొస్తా అవ్వా" అన్నాడు. ఉగ్గాని చేశాను, తినిపో అంటే కూడా తినలేదు. వాడు వీధి మలుపు తిరిగాక బాలు, "ఇంక మనక్కూడా మాట్లాడే వంతొస్తాది" అన్నాడు.

ఆ తర్వాతి వారం వాడు రాలేదు. ఆట చక్కగా సాగింది. ఎవరి వంతులో వాళ్లు మాట్లాడారు, ఎవరూ తవ్వలేదు. హాయిగా ఉందని నేను కూడా అనుకున్నాను. అది దాచకుండా రాస్తున్నాను. మూడు వారాలకు వాడు పని మానేసి ఊరికి పోయాడని తెలిసింది.

పోయిన శుక్రవారం వాళ్లమ్మ వచ్చింది. ఓబులమ్మ అట, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గది ఖాళీ చేసి సామాను తీసుకుపోవడానికి వచ్చి, నాకని ఒక సంచి వేరుశనగ కాయలు తెచ్చింది. ప్రతి ఆదివారం అవ్వ తినబెడతాదని కొడుకు చెప్పాడట. ఆమెకు నీళ్లిచ్చి కూర్చోబెట్టాను.

"మావోడు ఎవురితోనూ మాట్లాడేది లేదమ్మా. చేన్లో ఎండిన బోరుకాడ కూర్చోనుంటాడు. ఈడ ఏమన్నా గొడవ పడినాడా?" అంది.

"గొడవేం లేదమ్మా. ఆట్లో వాని మనిషి చచ్చిపోయినాడు. అంజినప్ప అని."

ఆమె చేతిలో గ్లాసు కింద పెట్టింది. ఆ తర్వాత, "ఆ పేరు నేను నోటితో పలికేది లేదమ్మా. మావోని నాయన" అంది.

ఆయన పోయి రెండేళ్లయిందట. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. "నాలుగు బోర్లేసినాడమ్మా, నాలుగింటిలోనూ దుమ్మే. ఐదోదానికి గుర్తు పెట్టేకి గడ్డపార ఎత్తుకోని పోయి, ఆడ్నే ఎద పట్టుకోని పడిపోయినాడు. ఆటోలో మావోడు వాళ్ల నాయన తల ఒళ్లో పెట్టుకోని, దావలో కనపడినోళ్లనంతా అడిగినాడు. ఏమన్నా మాత్రుండాదా అన్నా, ఏమన్నా మాత్రుండాదా అక్కా అని. ఎవురికాడ ఉంటాదమ్మా? ఆసుపత్రి కనపడకముందే అయిపోయినాడు."

ఆ రోజు ఎవరి దగ్గరా మాత్ర లేదు, అది ఎవరి తప్పూ కాదు. నీ నాలుగో ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను, నిఖితా. ఒక మందు మిగిలింది. ఆ ఆదివారం నేను అరచేతులు తెరిచి చూపించినప్పుడు అది నా నడుము దగ్గర చీర మడతలో ఉంది.

ఎందుకు అలా చేశానని అడుగుతావు. ఇంకో నాలుగు రోజుల్లో నువ్వు వస్తావు, వచ్చేసరికి నీ మారెమ్మకు ఏమైనా అయితే నీ ముందు ఎలా నిలబడాలి అనుకున్నాను. అది ఒకటి. ఇంకొకటి నా చేతికి పట్టిన గుణం. మీ నాయన పసివాడుగా ఉన్నప్పుడు వరసగా మూడేళ్లు వాన లేదు. సంగటికి పిండి తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన దాచి, అయిపోయిందని మా అత్తకు చేతులు దులిపి చూపించేదాన్ని. ఆమె ఆకలితో పడుకున్న రోజు కూడా అలాగే చూపించాను. అప్పుడు బిడ్డ బతకాలి కాబట్టి అది తప్పని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు ఇంట్లో మూట బియ్యం ఉంది, అడిగింది చింతగింజ. అయినా చెయ్యి అలాగే తెరుచుకుంది, నోరు అలాగే లేదంది. నువ్వేమో దసరాకు రానే లేదు, మీ హాస్టలువాళ్లు సెలవివ్వలేదు.

నిన్న మీ అన్నను డొంకతిరుగుడుగా అడిగాను. "ఒకవేళ మారెమ్మకాడ మందుండి, మర్చిపోయి ఉంటే ఆ పెద్దాయనను మళ్లా లేపొచ్చునా?" అని. వాడు నవ్వలేదు. "ఆట్లో పోయినోళ్లు పోయినట్లే అవ్వా. మొదట్లోనే అందరం ఒప్పుకున్నాము. ఓబిలేష్‌కు కూడా తెలుసు" అన్నాడు. తెలిసే వాడు అంజినప్పను ముందు నడిపించాడు. ముందు నడిచేవాడికి ఏమైనా అయితే వెనక మందు పట్టుకుని మారెమ్మ ఉందని నమ్మాడు. మారెమ్మ నీ మనిషి. డాక్టరు కావాలని పోయిన నీ మనిషి చేత ఆ అబద్ధం చెప్పించింది నేను. అందుకే మీ అన్నకంటే ముందు, మీ అమ్మకంటే ముందు నీకు చెబుతున్నాను. నువ్వు కోప్పడితే కోప్పడు, చదువు మాత్రం పాడు చేసుకోకు. నిద్ర మానుకోకు.

ఓబులమ్మకు ఆ రోజు నేను చెప్పలేకపోయాను. ఆమె ఇచ్చిన కాయలు రెండు చేతులతో తీసుకున్నాను, బస్టాండు దాకా పోయి సాగనంపాను. ఆ సంచి మూతి ఇంకా విప్పలేదు. మీ అమ్మ ఎందుకు ఒలవడం లేదని అడుగుతోంది.

ఓబిలేష్ ఇంటికి పోయి వాడికి చెప్పాలని అనుకుంటున్నాను. చెబితే వాడికి మేలా కీడా అన్నది ఎంత ఆలోచించినా తేలడం లేదు. మందే లేక అంజినప్ప పోయాడనుకుంటే వాడికి కొంత ఊరటేమో, ఉండి కూడా ఇవ్వలేదని తెలిస్తే ఇంకా కుంగిపోతాడేమో. మళ్లీ ఆలోచిస్తే, వాడు ఆ బోరు దగ్గర కూర్చుని ఇంకా గట్టిగా అడిగి ఉండాల్సింది, పాచిక ఇంకోసారి వేసి ఉండాల్సింది అని తన్ను తాను తిట్టుకుంటున్నాడేమో అనిపిస్తుంది. ఆ మాట తలచుకుంటే కూర్చోలేను. తప్పు వాడు అడిగిన తీరులో లేదని చెప్పగలిగేది ఈ లోకంలో నేనొక్కదాన్నే. వాడు లేచి వెళ్లిపోతే వెళ్లిపోనీ. పర్వాలేదవ్వా అంటాడేమోనని అసలు భయం. వాడు అలా అనే రకమే.

మీ అన్న తోడు వస్తానన్నాడు. ఎందుకో ఇంకా చెప్పలేదు, బస్సులో చెబుతాను. ఓబులమ్మకు ఫోను చేయించాను, వాడిని ఆ రోజు చేనుకు పంపవద్దని చెప్పాను. అనంతపురంలో బస్సు మారి, ఈ నెల 16వ తేదీ ఆదివారం పదకొండు గంటలకల్లా వాళ్ల ఇంటికి చేరతాము.

ఇట్లు,
నీ మేలు కోరే
అవ్వ, నారాయణమ్మ.