వాన కంటే ముందే తడిసిన మనిషి

బందరు,
14-7-2005

చి. హారికకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను కులాసా. మోకాళ్ళు కూడా కులాసాయేనని రాస్తే అబద్ధమవుతుంది గనుక వాటి సంగతి వదిలేస్తున్నాను. పనిమనిషిని పెట్టుకోమని వరసగా మూడో ఉత్తరంలోనూ రాశావు. నా గిన్నెలు నేను తోముకోగలను. ఆ విషయం మళ్ళీ రాయకు.

పుణే వెళ్ళే రైల్లో ఎదుటి సీటు అమ్మాయి చేతిలో జపాను బొమ్మల కథల పుస్తకం చూసి, చిన్నతనం గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నానన్నావు. కొత్త సూట్‌కేసు చక్రం రెండో ప్రయాణానికే ఊడిందన్నావు. "నా ఖాకీ సంచీ ఉందా? అందులో నా పుస్తకాలున్నాయా?" అని అడిగావు. ఉన్నాయి. గుడివాడ కాలేజీలో పాఠాలు చెప్పడానికి ఇరవై రెండేళ్ళు ప్యాసింజరు బండిలో నాతో తిరిగిన సంచీ అది. తర్వాత నెలకోసారి మీ నాన్నను చూడ్డానికి నాగాయలంక వెళ్ళే బస్సులో నీతో తిరిగింది. సీటు దొరక్కపోతే దాని మీదే కూర్చుని బొమ్మలు చూసేదానివి. మీ నాన్న పనిచేసే రొయ్యపిల్లల హేచరీకి వచ్చిన జపాను ఆయన నీకిచ్చిన ఆరు పుస్తకాలూ అట్టలు చెదరకుండా ఉన్నాయి. నువ్వు వాటిని వెనక నుంచి తిప్పుతుంటే, "ముగింపు ముందు చూసేవాళ్ళకు చదువు అబ్బదు" అని కసిరేదాన్ని.

నీకు పార్సిల్ చేసే ముందు తెగిన పట్టీ కుట్టిద్దామని, సంచులు బాగుచేసే జలాలుద్దీన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను పట్టీ కుట్టి, ఒక పుస్తకం బయటికి తీసి వెనక అట్ట వైపు నుంచి తెరిచాడు.

"అటు కాదయ్యా, అది చివర," అన్నాను.

"ఇదే మొదలండీ అమ్మగారూ. మా ఉర్దూలాగా కుడి నుంచి ఎడమకండి."

"నీకు జపాను భాష కూడా వచ్చేమిటి?"

"నాకు తెలుగే సరిగ్గా రాదండీ! బొమ్మలు చూడండి మీరే. మీ లెక్కన ఈయన ముందు తడిసి ముద్దయ్యాడు, తర్వాత వాన పడింది, ఆ తర్వాత మబ్బు పట్టింది. మన బందర్లో కూడా అట్టా కురవదండీ!"

పక్కన టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. నేను ఆ పుస్తకం అతని చేతిలోంచి లాక్కుని మళ్ళీ కుడి నుంచి తిప్పి చూశాను. జలాలుద్దీన్ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "ఏదో నవ్వులాటకి అన్నానండీ," అని పాపం కంగారుపడ్డాడు. అతనికి నేనేమీ చెప్పలేదు. నీకు చెప్పాలి.

అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. మీ అమ్మ పోయి మూడేళ్ళయింది. మీ నాన్న నాంచారయ్య మళ్ళీ పెళ్ళి చేసుకుని నా దగ్గరికి వచ్చాడు. "అత్తయ్యగారూ, పాప మీ దగ్గరే ఉంటుందా, మా దగ్గరికి వచ్చేస్తుందా? మీరెట్టా అంటే అట్టానండి," అన్నాడు. రేపు చెబుతానన్నాను. నిన్ను అడగాలి. కానీ "నాన్న దగ్గరికి వెళ్తా" అన్న మాట నీ నోట వినవలసివస్తుందేమోనని నా అభిమానం అడ్డొచ్చింది. ఆ సాయంత్రం నీ లెక్కల పుస్తకంలో ఒక కాగితం కనిపించింది. ఒకే వరసలో మూడు బొమ్మలు, మాట ఒక్కటీ లేదు. ఎడమవైపు మన వీధి గుమ్మంలో నేను, నా ఎదుట సంచీతో నువ్వు, మొహమంతా నవ్వు. మధ్యలో బస్సు, దానికి ముందేదో వెనకేదో తెలియకుండా గీశావు. కుడివైపు నాగాయలంక ఇంటి ముందు అదే సంచీతో నువ్వు, చెయ్యెత్తిన మీ నాన్న.

నన్ను వదిలి వెళ్తూ నవ్వుతున్నావనుకున్నాను.

మర్నాడు ఉదయమే నీ బట్టలు సర్ది బస్సెక్కించాను. నువ్వు ఏడవలేదు. అదీ నాకు రుజువుగానే తోచింది. ఏడిచేవాళ్ళు అమ్మమ్మకు నచ్చరని నీకు నేర్పింది నేనేనన్న సంగతి అప్పుడు తట్టలేదు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు సంచీని, పుస్తకాలను ఇక్కడే వదిలేసి వెళ్ళావు. ఎందుకు వదిలేశావో నేను అడగలేదు. ఎందుకు పంపేశానో నువ్వూ అడగలేదు.

దుకాణం నుంచి ఇంటికి రాగానే దాచి ఉంచిన ఆ కాగితం తీశాను. ఈసారి నీ పుస్తకాల్లాగా కుడి నుంచి చూశాను. మీ నాన్న చెయ్యి వీడ్కోలుకు లేచింది. తర్వాత బస్సు. తర్వాత మన గుమ్మం, నీ నవ్వు. మూడు రోజులుగా ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. ఇరవై రెండేళ్ళు పిల్లలకు చదవడం నేర్పినదాన్ని, ఇంట్లో ఉన్న పిల్ల గీసినదాన్ని తలకిందులుగా చదివాను.

అయినా ఈ రెండో చదువును కూడా నేను నమ్మను. నాకు అనుకూలంగా ఉంది గనుక అసలే నమ్మను. ఆనాడు అడగవలసిన మాట ఈనాడు అడుగుతున్నాను, హారికా. నీకు ఎవరి దగ్గర ఉండాలనిపించింది? నేను ఓర్చుకోగలనా లేదా అని చూసుకోకుండా రాయి.

ఇట్లు,
నీ అమ్మమ్మ,
రాజకుమారి