క్యాసెట్ తెంపింది నేనే

తొండుపల్లి,
17 జులై 2011

సరోజక్కకు చెల్లెలి వందనాలు.

మొన్న ఎయిర్‌పోర్టులో డ్యూటీ దిగి బస్సెక్కితే, డ్రైవర్ పాత క్రైస్తవ పాటల సీడీ పెట్టాడు. మన చిన్నప్పుడు ఇంట్లో రోజూ మోగిన పాటలే. మూడో పాటలో నేను పూర్తిగా మరిచిపోయిన రెండు లైన్లు వినపడ్డాయి. మన క్యాసెట్ తెగినప్పుడు, నలిగిన ముక్క కత్తిరించేసి బాపు టేపు అతికించాడు కదా. ఆ లైన్లు అందులో పోయాయి. ఇన్నేళ్లూ నేను అవి లేకుండానే ఆ పాట పాడుకున్నానన్నమాట.

బస్సులోనే ఏడుపొచ్చిందక్కా. పెన్సిలుతో తిప్పి ఆ టేపు తెంపింది నేను. దెబ్బలు తిన్నది నువ్వు. "ఇగ నీకు పాటలొద్దు, ఏమొద్దు" అని బాపు అరిచాడు. ఆనాటి నుంచి నువ్వు ప్రార్థన మందిరంలో కూడా పాటకు నోరు విప్పలేదు. నాకు తొమ్మిదేళ్లు, భయపడ్డాను. తర్వాత భయం పోయినా చెప్పలేదు.

నిన్న బాపుకు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. "దానికి ఫోన్ గలుపు" అన్నాడు. నంబరు నొక్కుతుంటే ఆపాడు.

"వద్దు బిడ్డా. ఫోన్ల ఏమని చెప్పాలె? నేనే పోత."

అందుకే ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి తుక్కుగూడ పంపుతున్నాను. నీ గుమ్మం ముందు ఏం మాట్లాడకుండా నిలబడితే కోపమనుకోకు. లోపలికి పిలువు.

నీ చెల్లెలు