బల్ల చేసింది నేను

బెల్లంపల్లి,
8 సెప్టెంబర్ 1963, ఆదివారం.

అన్న రాజలింగుకు చెల్లె అనసూర్య నమస్కారాలు చేసి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, వదినె, పిల్లలు క్షేమమని తలుస్తాను. ఉత్తరం మొదట్లో ఇట్లా రాయాలని నాకు అక్షరాలు నేర్పిన రోజుల్లో నువ్వే చెప్పావు కాబట్టి రాశాను. ఇక నిజం రాస్తాను. మేము క్షేమంగా లేము. నీ బావ ఎల్లేశంకు బొగ్గుబాయిలో డ్యూటీ ఆపి నెల దాటింది. మీ అడవి శాఖవాళ్లు పెట్టిన జంగలాతు కేసు తేలేదాకా బాయిలోకి దిగవద్దన్నారు. నేరం రుజువైతే కొలువు పోతుంది, కొలువుతో పాటు ఈ క్వార్టరూ పోతుంది. ఆయన పొద్దంతా గోడకు ఆనుకొని కూర్చుంటున్నాడు. నీ క్షేమం మాత్రం నాకు బాగానే తెలిసింది. టేకు కేసు పట్టినందుకు పైవాళ్లు మెచ్చుకున్నారని, బోథ్ దిక్కు బదిలీ ఇచ్చారని, అక్కడ నీళ్లు బాగున్నాయని నువ్వే రాశావు. తాగు.

నీ ఉత్తరంలో చాలా సంగతులు అడిగావు. అన్నిటికీ జవాబు రాస్తాను, మళ్లీ అడిగే పని నీకు ఉండకుండా.

చంద్రవ్వ కాలు ఎట్లా ఉందన్నావు. మానింది. ఇప్పుడు ఉరుకుతోంది. మేనకోడలి కాలు గురించి అంత ఫికర్ పడిన మనిషివి, అదే కాగితం మీద నాలుగు వరుసలు కిందికి వచ్చి, 'ఒక బల్ల లేకుంటే మీ ఇల్లు నడవకపోవునా' అని ఎట్లా రాశావో నాకు అంతుపట్టలేదు. అన్నా, ఆ కాలూ ఈ బల్లా ఒకటే సంగతి. నీకు తెలియదంటే నమ్మను. తెలిసీ రాశావంటే ఇంకా కోపం వస్తోంది.

మా క్వార్టరు నువ్వు చూసిందే. ఒక గది, ముందు చిన్న వసారా. వానాకాలం వస్తే బయట నల్లరేగడి బురద, ఆయన వెంట బాయి నుంచి వచ్చే బొగ్గుమసి. ఆ తడి బూట్లు గుమ్మం పక్కన విడిస్తే తెల్లారేసరికి కూడా ఆరవు. మసి బట్టలు ఒక మూల, అన్నం గిన్నె ఒక మూల, నా కొడవలి ఇంకో మూల. ఎంత ఊడ్చినా ఇంట్లో అడుగు పెడితే కాలికి నలుపే. ఆషాఢంలో ఒకరోజు చంద్రవ్వ బాపు లెక్క నడుస్తానని ఆయన బూటులో కాలు పెట్టింది. లోపల తేలు ఉంది. పిల్లను భుజాన వేసుకొని దవాఖానాకు ఉరికాను. అది ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోను. ఆ రోజే అనుకున్నాను, ఇక ఈ ఇంట్లో కాలికి తొడిగేది ఏదీ నేల మీద ఉండకూడదని.

నీ బావతో చెప్పాను. చేద్దాం తియ్యి అన్నాడు. ఆయన చేద్దాం అన్నాడంటే ఆ పని ఇక కాదని అర్థం. బాయి నుంచి వచ్చిన మనిషి చేతులు అన్నం ముద్దను పట్టుకోవడమే గొప్ప, ఆ చేతులకు సుత్తె ఇచ్చి ఏం లాభం. అందుకని నేనే చేశాను. పక్క క్వార్టరులో తారాబాయి ఉంది కదా, చాందా దిక్కు ఆమె. వాళ్లాయన బాయిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేస్తాడు. వాళ్లింట్లో రంపం, బాడిస, ఉలి అన్నీ ఉన్నాయి. ఆమె రంపం ఇవ్వడమే కాదు, రెండో దిక్కు తానే పట్టుకుంది.

కలప ఎక్కడిదని మధ్యలో అడుగుతావని తెలుసు. దాని దగ్గరికి వస్తాను. ముందు పని సంగతి విను. నువ్వూ నీ రేంజరూ దాన్ని బండి మీద వేసుకొనిపోయారు కానీ, అది ఎట్లా తయారైందో మీలో ఒక్కరూ అడగలేదు.

నా దగ్గర ఉన్నవి ఒక వైపు చదునుగా, ఒక వైపు బెరడుతో గుండ్రంగా ఉన్న చెక్కలు. బాడిసతో బెరడు చెక్కుతుంటే అరచేతులు బొబ్బలెక్కాయి. చదును వైపు పైకి పెట్టి కూర్చునే పలక చేశాను. దాని కింద అడ్డంగా, నిలువుగా చెక్కలు కొట్టి అరలు చేశాను. అరల కొలతకు నా చెప్పు పెట్టి చూసుకున్నాను. ఎంత తెలివితక్కువతనం చూడు, ఆడమనిషి చెప్పుకు కొలిచిన అరలో బాయి బూటు పడుతుందా? బూటు ముక్కు బెత్తెడు బయటికి వచ్చింది. అంతా విప్పాను. వంగిన మొలలు రాయి మీద పెట్టి సాపు చేసి మళ్లీ కొట్టాను. ఇక కాళ్లు. బల్ల ఒక మూలకు ఊగింది. ఆ మూల కాలు పొట్టిదనుకొని ఎదుటి కాలు కోశాను, ఇంకో మూలకు ఊగింది. మళ్లీ కోశాను. తారాబాయి నవ్వలేక చచ్చింది.

"అనసూర్యా, గిట్లనే కోసుకుంటపోతె అది రొట్టెల పీట అయితది."

చివరికి ఒక కాలు కింద పెంకు ముక్క పెట్టి ఊరుకున్నాను. వెనక పలక కొట్టలేదు, బూట్లకు గాలి తగలాలని. పైన ఆముదం రాశాను. ఒక అరలో ఆయన బూట్లు, ఒకదాంట్లో మసి బట్టలూ సబ్బూ, ఒకదాంట్లో అన్నం గిన్నె, ఒకదాంట్లో చంద్రవ్వ చెప్పులు, చివరి దాంట్లో నా కొడవలీ తాడూ. ఆయన బాయి నుంచి రాగానే దాని మీద కూర్చొని బూట్లు విప్పి, మసి బట్టలు అరలో పెట్టి, కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చేవాడు. ఆ కొద్ది రోజులూ మా ఇంటి నేల తెల్లగా ఉంది. నాకు ఎంత సంతోషమయ్యిందో నీకు చెప్పి లాభం లేదు.

చూడవచ్చిన ప్రతివాడూ ఎల్లేశం పనితనం బాగుందన్నాడు. నీ బావ మొదట్లో, నాది కాదు, మా ఇంటామె చేసిందని చెప్పేవాడు. వాళ్లు నవ్వేవారు. నాలుగుసార్లు చెప్పి చెప్పి ఆయన కూడా ఊరుకున్నాడు. నాకు ఒళ్లు మండింది కానీ నేనూ ఊరుకున్నాను.

తర్వాత శ్రావణంలో నువ్వు వచ్చావు. ఆ బల్ల మీదే కూర్చున్నావు. నీ బూట్లు విప్పి ఆయన బూట్ల పక్కన ఇరికించావు. కర్రను వేలితో కొట్టి చూసి, "బావ, పనితనం మంచిగున్నది. టేకే గదా?" అన్నావు. ఆయన నవ్వాడు. నీకు కోడిని కోసి వండాను. నువ్వు తిని పడుకుంటే నీ బూట్ల బురద కడిగి, నూనె గుడ్డతో తుడిచి పెట్టాను. మరునాడు అవే బూట్లు వేసుకొని రేంజరు వెంట మా గుమ్మంలోకి వచ్చావు. అప్పుడు నీ కాళ్ల దిక్కే చూశాను, మొహం దిక్కు చూడలేకపోయాను.

మీవాళ్లు బల్లను తలకిందులు చేశారు. చంద్రవ్వ చెప్పులు మోరీలో పడ్డాయి. కలప ఎవరు తెచ్చారని రేంజరు గద్దించాడు. నేను నోరు తెరిచేలోపే నీ బావ, "నేనే తెచ్చిన" అన్నాడు. రేంజరు నీ దిక్కు తిరిగాడు. అప్పుడు నువ్వు అన్న మాట వాడకట్టు అంతా విన్నది.

"అవు సార్. రెండు వారాల కింద శుక్రారం పొద్దుగాల్ల అడివిల నుంచి మోసుకొస్తుంటె నా కండ్లతోటి నేను చూసిన."

బల్లను బండి ఎక్కించారు, ఆయనను బండి వెనక నడిపించారు. ఒక రాత్రి టేషన్‌లో ఉంచి జామీను మీద విడిచారు.

ఇప్పుడు నువ్వు రాస్తావు, బావను నేరం ఒప్పుకొమ్మను, చిన్న జరిమానాతో పోతుంది, దాన్ని ఇంత చేసుకోవద్దని. ఒప్పుకుంటే కొలువు పోతుందని నీకు తెలియదా? సర్కారు నౌకరీలో ఉన్నవాడివి, నీకు తెలియక కాదు. మా కొలువు పోయినా నీ మాట నిలబడుతుంది, అంతే కదా నువ్వు చెప్పేది. ఈ సలహా కోసం పదిహేను పైసల కవరు ఎందుకు దండుగ చేశావు.

సరే, కలప దగ్గరికి వస్తాను. ఇప్పటిదాకా ఈ మాట నా నోటి నుంచి బయటికి రానివ్వలేదు. చంద్రవ్వ తల మీద నా చెయ్యి పెట్టించి నీ బావ ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి ఆగాను.

ఆ కలప తెచ్చింది నేను. అడవిలో గుత్తేదారు మనుషులు దుంగలను నాలుగు వైపులా చెక్కి, నడుమ కర్ర లారీల మీద తీసుకుపోయాక, పక్క చెక్కలు అక్కడే పారేసి పోతారు. వానకు మురిగి పుట్టగొడుగులు మొలుస్తాయి. కట్టెలకు పోయినప్పుడు చూశాను. పనికొచ్చేవి ఏరి, కట్టెల మోపు నడుమ పెట్టి, నెత్తి మీద మోసుకొచ్చాను. పారేసినవైనా సర్కారు టేకేనని నాకు తెలుసు. తెలిసే మోపు నడుమ దాచాను. మురిగిపోయే చెక్క కంటే నా బిడ్డ కాలు ఎక్కువ అనుకున్నాను, ఇప్పుడూ అట్లాగే అనుకుంటున్నాను.

ఈ సంగతి నీకు కొత్త కాదు. ఆ శుక్రవారం పొద్దున మీ తనిఖీ నాకా దగ్గర నువ్వు చూసింది నన్ను. "మోపు బరువున్నదా చెల్లె?" అని అడిగావు. మోపు ఒక దిక్కు ఒరిగితే చేతులు కింద పెట్టి ఎత్తి సర్దింది నువ్వే. పన్నెండేళ్లుగా అడవిలో తిరిగినవాడివి, ఎండు కట్టెలు ఎంత బరువుంటాయో, టేకు ఎంత బరువుంటుందో నీ చేతులకు తెలియదా? నవ్వి పొమ్మన్నావు. అదే పొద్దున నీ బావ బాయిలో పనిలో ఉన్నాడు. భూమి కింద ఉన్న మనిషిని నువ్వు ఏ కండ్లతో చూశావు?

నన్ను కాపాడానని నువ్వు అనుకుంటున్నావు కావచ్చు. నీ బావ కూడా అదే అన్నాడు. "ఆడిమనిషివి, టేషన్ల నిన్నెట్ల నిలవెడ్త? మీ అన్న గూడ గదే సోంచాయించిండు" అన్నాడు. మీరిద్దరూ కలిసి, నేను ఏమీ చేయలేదని తేల్చారు. బల్ల బాగుందన్నప్పుడూ అది నాది కాదు, దొంగతనం అన్నప్పుడూ నాది కాదు. కానీ మీ ఇద్దరిలో ఒక తేడా ఉంది. ఆయన నా కోసం తన మెడ ఇచ్చాడు. నువ్వు కూడా ఆయన మెడే ఇచ్చావు. జంగలాతు జవాను సొంత చెల్లె దొంగ అంటే నలుగురిలో నీ తల వంగుతుంది, బావ దొంగ అంటే అంత వంగదు. పైగా పట్టిచ్చినందుకు పేరు వస్తుంది. ఇది నువ్వు కాదనలేవు. కాదని రాస్తే ఆ కాగితం పొయ్యిలో పెడతాను.

ఈ పెత్రమాసకు, అదే పితరుల అమావాస్యకు, ముందురోజు సోమవారం, లక్సెట్టిపేట కోర్టులో పేషీ. నువ్వు సాక్షివి కాబట్టి నీకూ కబురు వచ్చే ఉంటుంది. ఆ రోజు నేను లేచి నిలబడి, కలప తెచ్చింది నేను, బల్ల చేసింది నేను అని చెప్పబోతున్నాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. నీ బావకు నిన్ననే చెప్పాను. కేకలేశాడు, అన్నం తినలేదు. చివరికి, 'నిన్ను లోపల వేస్తే పిల్లను ఎవరు చూస్తారు' అని నన్ను అడిగాడు. తారాబాయి గోడవతల నుంచి విని, నేను చూస్తనంది.

నేను ఆ మాట అన్నాక నీ మాట అబద్ధం అవుతుంది. ఆ పొద్దున ఆయనతో పాటు బాయిలోకి దిగినవాళ్లు సాక్ష్యానికి వస్తామన్నారు. నీ కొలువుకు ముప్పు రావచ్చు. అవ్వ నీ సంపాదన మీదే బతుకుతోంది. ఇవన్నీ ఆలోచించాను అన్నా. ఆలోచించి ఏడ్చాను కూడా. నాకు చేతిలో కర్ర పెట్టి ఇసుకలో అ ఆలు దిద్దించినవాడివి, నీ మీద ఇంత కోపం మోయడం నాకు సులువుగా లేదు. అయినా ఆగను. నీకు ముందుగా చెబుతున్నాను, అంతే. ఇంకా వారం రోజుల టైముంది. నీ రేంజరు దగ్గరికి పోయి పొరపాటు పడ్డానని చెప్పుకో. వాన ముసురు పట్టింది, మసక మసకగా కనిపించింది, ఏమైనా చెప్పుకో. నువ్వు చెప్పినా చెప్పకున్నా నేను చెబుతాను.

ఇక నీ చివరి సంగతి. అవ్వ ఎదురుచూస్తోందని, బతుకమ్మకు చీర తీసుకొని వచ్చి నన్ను హుజూరాబాద్ తోలుకపోతానని రాశావు. మా ఇంటికి రావద్దు. చీర వదినెకు ఇవ్వు. ఆ సోమవారం కోర్టుకు రా. నేను చెప్పాల్సింది చెప్పాక నిన్ను పిలుస్తారు. ఈ ఆడమనిషి నీకు ఏమవుతుందని అడుగుతారు. అందరూ వినేటట్టు గట్టిగా చెప్పు.

ఇట్లు,
నీ చెల్లె
అనసూర్య