వార్తలు రాని రేడియో

బావా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఇది నీకు అందదని తెలిసే రాస్తన్నాను.

హార్బర్లో ఓ షిప్పువాడి దగ్గర ఎలక్ట్రిక్ గిటారు కొన్నావు. యాంప్లిఫయర్ దొరక్క ఇంట్లో రేడియోకే వైరు కలిపేవు. ఆ వైరుంటే వార్తలు రావని అక్క రోజూ గొడవ. "ఆ వైరు పీకకపోతే నీకు కూడెట్టను" అనేది.

నువ్వెళ్లేక ఆ వైరు అలాగే ఉంది. ఏడాదిగా అక్క వార్తలే వినలేదని నిన్న పూర్ణా మార్కెట్లో కొత్త టూ ఇన్ వన్ రేడియో కొన్నాను. నువ్వుంటే పాట వినకముందే దాని వెనక మూత విప్పేసేవాడివి. పాతది షాపులో ఇచ్చేద్దామని వైరు పీకబోయేను.

"సెయ్యి తియ్యరా! దాంతో నీకేటి పని?" అని అరిచింది అక్క. నాకేటీ అర్థం కాలేదు.

ఇవాళ పొద్దున్న చూసేను బావా. అక్క పాత రేడియో ఆన్ చేసి, లోపలి వాల్వులు వేడెక్కి అది పలికేదాకా నిలబడింది. అప్పుడు పొడిగుడ్డతో గిటారు తుడిచింది. గుడ్డ తీగలకి తగిలి రేడియో ఒక్కసారి మోగింది. ఆ మోత ఆగేదాకా అక్క కదల్లేదు.

గిటారు మీద దుమ్ము లేదు. అయినా మళ్లీ తుడిచింది.