సుద్దముక్క ఓట్లు

బావమరిదికి దీవెనలు.

ఇక్కడ అంతా క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. పన్నెండేళ్లుగా దర్జీల సంఘం అధ్యక్షుణ్ణి. అలాంటి నాకు నిన్న నీ ఓట్ల మిషన్ నలభై చూపించి, ఆ సూది గుర్తువాడికి నలభై ఒకటి చూపిస్తుందా! ఎన్నికల అధికారివి నువ్వు, అక్క మొగుణ్ణి నేను, నాకే టోపీయా? కుర్చీ పోతే ఏ మొహం పెట్టుకుని వీధిలో తిరగను? కాగితాల మీద మళ్లీ పెట్టు. చేత్తో లెక్కపెట్టు.

నీ బావ (కత్తెర గుర్తు)

తా.క.: నేను గెలిచిన మూడుసార్లూ ఇదే మిషన్. అప్పుడు భేషుగ్గా పనిచేసింది. తర్వాత ఎవడో కెలికాడు.

బావగారికి నమస్కారాలు.

మీ పోరు పడలేక కాగితాలు అచ్చు వేయించాం. ఆదివారం పోలింగ్. నచ్చిన గుర్తు పక్కన గీత పెట్టి, మడిచి, పెట్టెలో వేయాలి. ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా వాళ్లదే కుర్చీ. ఆ షరతు మీద మీరే సంతకం పెట్టారు.

మీ బావమరిది

తా.క.: ఆఫీసులో పెన్నులు రెండు. రెండూ రాయవు. ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

ఒరేయ్ బావమరిదీ,

దర్జీ చేతికి పెన్నేమిట్రా? ఎనభై ఒక్కమందికీ కొత్త సుద్దముక్కలు పంచేశాను, సూది గుర్తువాడితో సహా. నా మనసు అంత పెద్దది! మీ అక్క మాత్రం కాజాలు కుట్టుకుంటూ "నాకొద్దులెండి" అంది. ఎవరి కాగితమో తెలియకుండా పెట్టెను బాగా కుదపమను.

నీ బావ

తా.క.: మీ అక్కా సభ్యురాలే కదా, ఆ ఓటు ఇప్పుడే నా ఖాతాలో వేసేసుకో.

బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే కుదిపాం. మూత తీయగానే అందరికీ తుమ్ములు. ఎనభై కాగితాలు తెల్లగా ఉన్నాయి, అడుగున గుప్పెడు సుద్దపొడి. చేత్తోనే మూడుసార్లు లెక్కపెట్టాం. చెల్లిన ఓటు ఒకటే. సూది గుర్తు పక్కన ఎర్ర దారంతో కుట్టిన కాజా. గోటితో గీకాం, తడిపి చూశాం, ఊడలేదు. మీరు ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు.

మీ బావమరిది

తా.క.: ఓటు రహస్యం, కుట్టిందెవరో చెప్పను. నా చొక్కా కాజాలు మాత్రం అచ్చం అదే కుట్టు. మిషన్ చూపించిన నలభై ఒకటో ఓటూ ఇదేనేమో!

ఇంకో తా.క.: ఇక తీరికేగా, అధ్యక్షుడయ్యాక మూలన పడేసిన జనం బట్టలు కుడతారా అని అక్క అడగమంది. ముందుగా పెళ్లికొడుకు సూటు. ఆయనకిప్పుడు ఇద్దరు పిల్లలు. కొలతలు మళ్లీ తీసుకోవాలట, చేత్తోనే.