అరుస్తోంది, అరుస్తున్నారు

మార్చి 9, ఆదివారం

మా బావగారికి పెళ్ళి కాలేదని అందరూ అంటారు. అబద్ధం. పోయిన నెలలో కారుతో అయింది.

మా ఆయన అన్నగారు ఈయన. ఒకే ఇంట్లో ఉంటాం. నేను, మా ఆయన, ఐదేళ్ళ మా పిల్ల, మా అత్తగారు, ఈ పెద్దమనిషి. ఎదురుగా అయితే అండీ, గారూ, అన్నారు, ఉన్నారు. ఇది నా డైరీ. ఇక్కడ ఎవరికీ మర్యాద లేదు.

ఇవాళ అందరినీ ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. మా ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, పిల్లని ఒళ్ళో పెట్టుకోమని ఆర్డర్. బెల్ట్ పెట్టుకోలేదని కారు టింగ్ టింగ్ అని ఒకటే గోల. దానికి మందు ఉందంటూ జేబులోంచి రెండు ఇనపముక్కలు తీశాడు. బెల్ట్ కొసలాగే ఉంటాయి, బెల్ట్ మాత్రం ఉండదు. బకిల్‌లో గుచ్చితే చాలు, మనిషి బెల్ట్ పెట్టుకున్నాడనుకుని కారు ఊరుకుంటుంది. రెండు బకిల్స్‌లోనూ గుచ్చేసి, అత్తగారి నోరు మూయించాను చూడు అని మా ఆయన వీపు చరిచాడు. నస పెట్టేది ఏదైనా అత్తగారేనట. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, అది నిజం.

అసలు అత్తగారు నా పక్కనే కూర్చుని ఉంది. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

నేను పనిచేసేది ఎక్స్‌రే గదిలో. బెల్ట్ పెట్టుకోని వాళ్ళ ఎముకలు ఎలా ఉంటాయో రోజూ చూస్తాను. అదే చెప్పబోయాను. ఇన్నేళ్ళుగా బండి నడుపుతున్నాను, నాకు చెప్తావా అమ్మాయ్ అన్నాడు. వాడికి తెలుసులే అని ఆవిడ కూడా వత్తాసు.

మార్చి 12

కారుకి అలారం పెట్టించాడు. అద్దాలకి నల్ల ఫిల్మ్ వేయించాడు. లోపల ఏముందో దొంగకి కనపడకూడదట. దొంగకేమిటి, దేవుడికి కూడా కనపడదు.

కారుని ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని భయం. కారులో కూర్చున్న వాళ్ళు ఏమైపోయినా ఫర్వాలేదు. ఈయన లెక్క నాకు అర్థమైంది.

మార్చి 15

అలారం పేరు కూడా అత్తగారే. పిల్లి దూకితే అరుస్తుంది. పక్కనుంచి స్కూటర్ వెళ్తే అరుస్తుంది. పైవాటా టైలరమ్మ కిటికీ దగ్గర మిషన్ కుడుతూ ఉంటుంది కదా, మీ అత్తగారు అరుస్తోందండీ అని కేకేస్తుంది. వీధి వీధంతా నవ్వు. ఈయన సోఫాలోంచి కదలకుండా రిమోట్ మీద మ్యూట్ నొక్కుతాడు. ఇంకాసేపటికి మళ్ళీ మొదలు.

నా పేరు ఇలా వీధిన పడేశారేమిట్రా అని ఆవిడ ఒకసారి అడిగింది. సరదాకి అన్నాడు ఈయన. నాకు జాలి వేయలేదు. నన్ను ఆవిడ ఎన్ని అనలేదు?

మార్చి 18

పొద్దున్న బావగారు పిల్లని స్కూల్లో దింపి, నన్ను ఎక్స్‌రే సెంటర్ దగ్గర దింపుతానన్నాడు. వెనక నేనూ పిల్లా. మలుపు దగ్గర బండి స్లో అయింది. పిల్ల డోర్ తీసేసింది. ఆడుకుంటూ తీసింది, అంతే. గౌను పట్టుకుని లాగాను. కుట్లు ఊడి గౌను చేతికొచ్చింది, పిల్ల ఒళ్ళోకొచ్చింది.

ఆయన బండి ఆపాడు. దిగాడు. డోర్ అంచుకి గీత పడిందేమో అని వేలితో తడిమి చూశాడు. ఆ తరవాతే పిల్ల వైపు చూశాడు. నేను రాసిపెడుతున్నాను, ముందు డోర్, తరవాత పిల్ల.

ఇంటికొచ్చి చెప్తే ఆవిడ నాకే అక్షింతలు వేసింది. పిల్లని పట్టుకుని కూర్చోవడం కూడా రాదా అంది. మా ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

మార్చి 19

కారుతోపాటు ఇచ్చిన పుస్తకం డాష్‌బోర్డులో ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా పడి ఉంది. చింపి చదివాను. వెనక డోర్ తెరిస్తే అంచున చిన్న మీట ఉంటుంది. చైల్డ్ లాక్. అది తిప్పితే లోపలినుంచి ఎంత లాగినా డోర్ రాదు, బయటినుంచి ఎవరైనా తీయాల్సిందే.

రెండు వైపులా తిప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఉండనివ్వరు.

మార్చి 21

తెలిసిపోయింది. మా అత్తగారు డోర్ లాగి లాగి విసిగిపోయి కేకలేసింది. ఈయన దిగి వెనక్కి వచ్చి తీయాల్సి వచ్చింది. నేనేమన్నా డ్రైవర్‌నా అని ఇంటికొచ్చి చిందులు. లాక్ తీసేస్తానన్నాడు. తీస్తే నా పిల్ల ఆ కారెక్కదు, వీధిలో అందరికీ ఎందుకో కూడా చెప్తాను అన్నాను. వెనక్కి తగ్గాడు. ఈ ఇంట్లో నేను గెలిచిన మొదటి గొడవ ఇది.

పసిపిల్లతోపాటు నన్నూ బోనులో పెట్టావు అని ఆవిడ సాధించింది. మరి అవసరమైతే నేను ఎలా దిగాలి అని కూడా అడిగింది. దిగాల్సిన అవసరం మీకేం వస్తుందండీ, ఎవరో ఒకరు తీస్తారుగా అన్నాను. గెలిచిన మత్తులో ఉన్నాను, ఆవిడతో మాట్లాడే ఓపిక లేదు.

మార్చి 27

ఇవాళ పిల్లి, బంతి, గాలి. మూడింటికీ అరిచింది.

ఏప్రిల్ 2

బావగారు నాతో మాట్లాడటం మానేశాడు. హాయిగా ఉంది.

ఏప్రిల్ 4, హాస్పిటల్ వరండా

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

మధ్యాహ్నం బావగారు ఆవిడని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చుక్కలు వేసి పంపారట. చుక్కలు వేస్తే ఏమీ సరిగ్గా కనపడదు. వెనక సీట్లో కళ్ళు మూసుకుని అలాగే నిద్రపోయింది. ఇంటి ముందు బండి ఆపేసరికి ఈయనకి ఫోన్. మాట్లాడుతూ దిగాడు, మాట్లాడుతూ రిమోట్ నొక్కాడు, మాట్లాడుతూ లోపలికి వచ్చి సోఫాలో పడ్డాడు. నాతో మాటల్లేవు కాబట్టి అమ్మ ఏదని నేను అడగలేదు. ఆవిడ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. పడుకుందనుకున్నాను. లేపి మాటలు పడటం ఎందుకని వదిలేశాను.

అలారం మొదలైంది. ఎవరం పట్టించుకోలేదు. ఈయన ఫోన్ చెవిన పెట్టుకునే మ్యూట్ నొక్కాడు. మళ్ళీ మొదలైంది. మళ్ళీ నొక్కాడు. బయట ఎండ పెళపెళలాడుతోంది.

అప్పుడు పైనుంచి టైలరమ్మ కేకేసింది. మీ అత్తగారు కారులో అరుస్తున్నారండీ అంది.

నేను వంటింటి కిటికీలోంచే, పెద్ద గొంతుతో, అరవనివ్వండి, అలవాటేగా, ఆవిడే నోరు మూసుకుంటుంది అన్నాను.

ఆ మాట అని పప్పు గిన్నె కడుక్కున్నాను.

కాసేపటికి టైలరమ్మ మా గుమ్మంలో ఉంది. చేతిలో కత్తెర అలాగే ఉంది, మెళ్ళో టేపు. మీరు మనుషులేనా అంది నన్ను. కన్నీళ్ళు పెట్టుకుని అంది. నాకు అర్థం కాలేదు. ముందు అద్దానికి ఫిల్మ్ లేదు కదా, పైనుంచి చూస్తే సీట్ల మధ్యలోంచి ఒక చెయ్యి ఊగుతూ కనపడిందట.

రిమోట్ ఆయన చేతిలోంచి ఎలా లాక్కున్నానో తెలీదు. డోర్ తీస్తే వేడి ముఖానికి కొట్టింది. ఆవిడ రెండు సీట్ల మధ్య ఇరుక్కుని ఉంది. ముందుకి పాకి ముందు డోర్ తీయాలని చూసినట్టుంది. మోకాళ్ళు వంగని మనిషి. వెనక హ్యాండిల్ ప్లాస్టిక్ విరిగిపోయి ఉంది. అంతలా లాగింది. ఎంత లాగినా రాకుండా చేసింది నేను.

అరుస్తోంది అనలేదు టైలరమ్మ. అరుస్తున్నారు అంది. కారునైతే ఎప్పుడూ అరుస్తోంది అనేది. ఒక్క మాటలో తేడా. తెలుగు వచ్చిన ఎవరికైనా తెలియాలి. నాకు తెలియలేదు. ఇంటి ముందు నిలబెట్టి ఎవరినైనా అడగండి, ఆ పేరు పెట్టింది ఎవడు? ఆయనే. మ్యూట్ నొక్కింది? ఆయనే. నల్ల ఫిల్మ్? ఆయనే. సరే. అరవనివ్వండి అన్నది ఎవరు?

సెలైన్ ఎక్కుతోంది. కళ్ళు తెరవలేదు ఇంకా.

ఏప్రిల్ 5, ఉదయం

కళ్ళు తెరిచింది. నీళ్ళు అడిగింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పాడు.

బావగారు అందరి ముందూ నన్ను కడిగేశాడు. ఆ లాక్ పెట్టకపోతే అమ్మ డోర్ తీసుకుని దిగేదట. నిజమే. నేనూ తగ్గలేదు. మనిషిని లోపల పెట్టి తాళం వేసిన వాడివి, వెనక్కి తిరిగి చూడ్డానికి మెడ లేదా అన్నాను. నువ్వు అని ఏకవచనంలో అన్నాను, మొదటిసారి. వరండాలో నర్సు వచ్చి ఇద్దరినీ బయటికి పొమ్మంది. మెట్ల మీద కూడా తిట్టుకున్నాం. ఇంకా చాలా తిట్టాల్సింది మిగిలిపోయింది.

మా ఆయన కనపడలేదు. ఇంటికి వెళ్ళి చూస్తే వాకిట్లో కూర్చుని బ్లేడుతో కారు అద్దాల మీది ఫిల్మ్ గీకుతున్నాడు. వేళ్ళు కోసుకుపోయాయి. ఆపమంటే వినలేదు. పెళ్ళయ్యాక ఈ మనిషి వాళ్ళ అన్నని అడగకుండా చేసిన పని ఇదొక్కటే.

ఏప్రిల్ 7

ఆవిడని ఇంటికి తెచ్చాం. వెనక డోర్ తీసి పట్టుకున్నాను. చూడనట్టే వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. ఎప్పుడూ కూర్చోలేదు అక్కడ. తన వైపు బకిల్‌లోని ఇనపముక్క లాగింది. బెల్ట్ ఎలా పెట్టుకోవాలో తెలియక చాలాసేపు తంటాలు పడింది, నన్ను చెయ్యి వేయనివ్వలేదు. టక్‌మంది. తరవాత వంగి బావగారి వైపుది కూడా లాగేసింది. అద్దం దించి రెండూ రోడ్డు మీదికి విసిరేసింది.

ఆయన పంతానికి బెల్ట్ పెట్టుకోలేదు. బండి టింగ్ టింగ్ అంటూనే ఉంది. ఎవరూ నవ్వలేదు. మూడో సిగ్నల్ దగ్గర పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 9

ఆవిడ నాతో మాట్లాడటం లేదు. పెద్దకొడుకుతోనూ లేదు. పిల్లతో మాత్రం మాట్లాడుతోంది. కంచం పెడితే తింటోంది, తీసేస్తే ఊరుకుంటోంది. తిడితే బాగుండు. ఇన్నేళ్ళూ ఆవిడ తిట్లకి ఏడ్చాను, ఇప్పుడు ఒక్క తిట్టు కోసం గది ముందు తచ్చాడుతున్నాను.

నాకు తెలియాల్సింది ఒక్కటే. వినపడిందా, లేదా?

ఏప్రిల్ 10

వినపడింది.

జడ వేయించుకుంటున్న పిల్లకి చెప్తోంది, నేను గుమ్మంలో ఉన్నాను. కారు తలుపులన్నీ వేసేస్తే మన మాట బయటికి పోదే గానీ, బయటి మాటలు మాత్రం లోపలికి బాగా వస్తాయే అంది. మిషన్ చప్పుడు కూడా వచ్చిందట. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా.

నా వైపు చూడలేదు. జడ చివర రిబ్బను ముడి వేసింది.

లోపలికి వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కారు అనుకున్నానండీ అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. కారు అనుకున్నాను, కారు అనుకున్నాను అని అదే అన్నాను. ఆవిడ దువ్వెనలో వెంట్రుకలు తీసి చుట్టింది. ఎవరో ఒకరు తీస్తారుగా అన్నావు అంది. అంతే అంది.

ఏప్రిల్ 11

పిల్లకి వెనక సీటు, బెల్ట్, చైల్డ్ లాక్. అది మారదు. దాని మీద నేను ఇప్పటికీ ఎవరితోనైనా పోట్లాడతాను. కానీ ఒక్క వైపే ఉంచాను. రెండో వైపుది తీసేశాను. అలా కూడా పెట్టొచ్చని పుస్తకంలో ఆ పేజీలోనే ఉంది. గెలవాలన్న ఆత్రంలో సగమే చదివాను.

అలారం పీకించేశాం. షాపుకి మా ఆయనే తీసుకెళ్ళాడు. బావగారు గదిలోంచి రాలేదు.

ఏప్రిల్ 13, సాయంత్రం

అత్తగారు నన్ను పిలిచారు. కారు దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. ఇంజన్ ఆపేసి ఉన్నా పనిచేసేది ఏమిటో చూపించమన్నారు. హారన్ అన్నాను. డ్రైవర్ సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, రెండు అరచేతులూ పెట్టి నొక్కారు.

వదల్లేదు.

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. బావగారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి బండి ముందు నిలబడిపోయాడు. టైలరమ్మ కిటికీలోంచి ఏమైందండీ అని అరిచింది. మా పిల్ల తల పైకెత్తి, నానమ్మ అరుస్తున్నారు అంది.

ఆపమని ఎవరూ అనలేదు.