పులివెందుల నుంచి ఎస్‌ఎంపీఎస్

మార్చి 2, 2004, మంగళవారం

టప్‌మని శబ్దం. కాలిన వాసన. నా డీటీపీ షాపులో సిస్టం ఆగిపోయింది. పదో తరగతి మోడల్ పేపర్లన్నీ అందులోనే. సోమవారం గర్ల్స్ హైస్కూల్‌కు ఇవ్వాలి. జమ్మలమడుగులో మిగతా రెండు డీటీపీ సెంటర్లూ పార్టీ కరపత్రాలతో మునిగి ఉన్నాయి. హార్డ్‌డిస్క్ తీసుకుపోయినా పెట్టుకోవడానికి ఖాళీ సిస్టం లేదు.

మార్చి 3

మా ఆయన సీపీయూను దుప్పట్లో చుట్టి, ప్రొద్దుటూరు బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గొర్రెపిల్లనూ ఇట్లాగే తెచ్చేవాడు. నవ్వొచ్చింది.

మెకానిక్ నూరుల్లా మీటరు పెట్టి చూశాడు. పోయింది లోపల కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే. అతని షాపులో డజను ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదట. "వాట్లు సరిపోతే సాలదక్కా. మీది కంపెనీ మిషను. డబ్బా సన్నం. పిన్ను దూరుతాది గానీ వైర్ల వరస వేరు. మామూలుది తగిలిస్తే మదర్‌బోర్డు కాలిపోతాది" అన్నాడు. హైదరాబాదు నుంచి తెప్పించాలంటే పది రోజులు. అదే మోడల్ ఎవరి దగ్గరైనా ఉందేమో చూడమన్నాడు.

ఉంది. పులివెందులలో, మా అన్న గంగాధర్ పార్టీ ఆఫీసులో. ఐదేళ్ల కిందట అన్నే రెండు కొని, ఒకటి నాకిచ్చాడు.

ఆ మాట ఆయనకు చెప్పలేదు.

మార్చి 4

మూడేళ్ల కిందట పంచాయతీ ఎన్నికల్లో అన్నది ఒక పార్టీ, ఆయనది ఒక పార్టీ. గొడవలో ఆయన నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. మర్నాడు అన్న జీపు తగలబడింది. ఎవరు చేశారని నేను ఎవరినీ అడగలేదు. అప్పటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు.

షాపు నుంచి అన్నకు ఫోన్ చేశాను. పోయినదాని లేబుల్ మీది నంబరు చదివాను. తనది విప్పి చదివాడు. అక్షరం తేడా లేదు. వైర్ల రంగులు వరసగా చెప్పించుకున్నాను. అవీ కలిశాయి. చివరికి అన్న, "మీ ఆయన్ను పంపు. ఇంకెవురికీ ఇయ్యను" అన్నాడు.

భయమేసింది. అయినా ఇంటికొచ్చి ఆయనకు చెప్పేశాను.

మార్చి 5, ఉదయం 6

లేచి చూస్తే ఆయన లేడు. స్క్రూడ్రైవర్ కూడా లేదు.

సాయంత్రం 4

పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా రెండు బస్సులు వచ్చాయి. ఆయన రాలేదు.

సాయంత్రం 6

వచ్చాడు. తువ్వాల్లో ఎస్‌ఎంపీఎస్.

ఆఫీసులో పదిమంది ఉన్నారంట. ఓటర్ల లిస్టులన్నీ ఇందులోనే ఉన్నాయి, ఎన్నికలప్పుడు ఇచ్చేస్తే ఎట్లని ఒకడు అడ్డం పడ్డాడంట. "నా చెల్లెలి పని నిలిచిపోతే నాకు కూడు సయించదు. మీరు చేత్తో రాసుకోండప్పా" అని అన్న తనే కూర్చుని విప్పాడంట. ఈయన టార్చి పట్టుకున్నాడంట.

ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

"ఏం మాట్లాడలా. ఇస్క్రూ కిందపడినాది. బావా, ఈడుండాది అంటి. అంతే."

అన్నం పెట్టబోతే వద్దన్నాడు. ఆడే, అన్న దగ్గరే తిన్నాడట.

మార్చి 6

నూరుల్లా వైర్లన్నీ మళ్లీ సరిచూసి బిగించాడు. ఫ్యాన్ తిరిగింది. పేపర్లన్నీ ఉన్నాయి. షాపులో అందరి ముందరే ఏడ్చాను.

మార్చి 8

పేపర్లు ఇచ్చేశాను.

మార్చి 15

అన్న ఫోన్ చేశాడు. హైదరాబాదు నుంచి తెప్పించిన కొత్తది వచ్చింది, నీది పంపిస్తానన్నాను. అదట్లుండనీ, ఫోను బావకియ్యి అన్నాడు. ఆయన రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. నలభై నిమిషాలు. అంతా బోర్లలో నీళ్ల గురించే.